విత్తనం మనది, ప్రశ్న కూడా మనదే కావాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ధింసా అయిపోయిన వెంటనే ప్రసంగం వినమనడం న్యాయం కాదని నాకు తెలుసు. కొందరి కాళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అందుకే పుస్తకాల భాష పక్కన పెట్టి మామూలుగా మాట్లాడతాను. నాకు ఇచ్చిన అంశం 'వ్యవసాయ పరిశోధన, గ్రామీణ జీవనోపాధి'. పెద్ద పేరు. దాన్ని నేను ఒక చిన్న ప్రశ్నగా మార్చుకున్నాను. పరిశోధన స్థానాల్లో జరిగే పని మన గరువులోకి, మన అంబలి కుండలోకి ఎప్పుడు చేరింది, ఎప్పుడు చేరలేదు, ఎందుకు చేరలేదు?

ముందు ఒక వరి కథ చెబుతాను. మన కొండలు దిగి గోదావరి డెల్టాలోకి వెళితే మార్టేరు అనే ఊరుంది. అక్కడి వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ 7029 అనే రకాన్ని మనం స్వర్ణ అంటాం. మన రాష్ట్రంలోనే కాదు, ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా లక్షల ఎకరాల్లో వేసిన వరి అది. దిగుబడి బాగా వస్తుంది, ఎరువు తక్కువైనా ఓర్చుకుంటుంది. ఒకటే లోటు. వరద వచ్చి చేను పూర్తిగా మునిగి వారం పది రోజులుంటే చచ్చిపోతుంది.

మునిగినా చావని వరి కోసం శాస్త్రవేత్తలు వెతికారు. అది వాళ్లకు ప్రయోగశాలలో దొరకలేదు. ఒడిశా రైతులు తరతరాలుగా ముంపు పొలాల్లో వేసుకుంటున్న ధలపుటియా అనే నాటు వరిలో దొరికింది. ఆ నాటు రకం నుంచి ఏరి తీసిన వరుసకు ఎఫ్‌ఆర్ 13ఎ అని పేరు పెట్టారు. మామూలు వరి నీళ్లలో మునిగితే ఊపిరి కోసం పైకి పైకి సాగుతుంది. ఆ సాగడంలోనే ఒంట్లో ఉన్న శక్తంతా ఖర్చు చేసుకుని, నీళ్లు తీసేసరికి కుప్పకూలిపోతుంది. ఈ నాటు వరి అలా కంగారు పడదు. మునగగానే పెరగడం ఆపేసి, ఉన్న శక్తిని దాచుకుని, నీళ్లు పోయాక మళ్లీ చిగురు వేస్తుంది. దాదాపు రెండు వారాలు అలా ఓపిక పట్టగలదు. ఆ గుణాన్నిచ్చే జన్యువు ఏదో 2006లో ప్రపంచానికి తెలిసింది. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని మన మార్టేరు స్వర్ణలోకి దించింది. 2009లో స్వర్ణ సబ్ 1 పేరుతో మన దేశంలో విడుదలైంది.

దీని తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. ఒడిశాలో ఈ విత్తనం వేసిన ఊళ్లలో ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. ఎక్కువ లాభం ఎవరికి వచ్చిందని చూస్తే దళిత రైతులకు వచ్చింది. ఎందుకంటే ఊళ్లో ఎప్పుడూ మునిగే పల్లపు మడులు వాళ్ల వాటాకే వచ్చాయి. మంచి భూమి ఎవరికి పోయిందో, చెడ్డ భూమి ఎవరికి మిగిలిందో ఆ విత్తనం బయటపెట్టింది. ఒక విత్తనం బీదవాడి పొలానికి పనికొచ్చేలా తయారైతే ఏమవుతుందో చూపించింది కూడా.

ఇందులో నన్ను గుచ్చే సంగతి ఇంకొకటుంది. ఆ జన్యువుకు పేరుంది. దాన్ని కనిపెట్టినవాళ్ల పేర్లున్నాయి. స్వర్ణకు పేరుంది. వందల ఏళ్లు ముంపు పొలంలో నిలబడి, ఏ వెన్ను బతికిందో చూసి, ఆ గింజలను మర్నాటికి దాచిన రైతుల పేరు ఒక్కటి కూడా ఎక్కడా లేదు. శాస్త్రవేత్తలను తిట్టడానికి నేను ఈ మాట చెప్పడం లేదు. వాళ్లు మంచి పని చేశారు. కానీ మన చేతిలో ఉన్నదాని విలువ మనకు ముందు తెలియకపోతే, దాని మీద పేరు ఎవరిదో పడుతుంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. 1966లో ఐఆర్ 8 వరి వచ్చింది. మన రాష్ట్రంలో ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. పొట్టి మొక్క, బరువైన కంకి, పడిపోదు. దేశమంతా ఆకలితో ఉన్న రోజుల్లో అది పెద్ద మేలే. కానీ దానికి కాలువ నీళ్లు కావాలి, ఎరువు కావాలి, చదునైన మడి కావాలి. మన గరువుల్లో ఆ మూడూ లేవు. ఆ రోజు పరిశోధనకు దేశం వేసిన ప్రశ్న ఒకటే: బస్తాలు ఎలా పెంచాలి? దానికి జవాబు వచ్చింది. మన ప్రశ్న వేరు. వాలు భూమిలో, వాన నీటితో, ఒకే చెక్కలో చోళ్లు, సామలు, కందులు, వలిసెలు కలిపి వేసుకుని, పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా రాని ఆ రెండు మూడు నెలలు పిల్లలకు ఏం పెట్టాలి? ఈ ప్రశ్నను ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు. అడిగే చోటికి మనం వెళ్లనే లేదు కదా.

సరిహద్దు అవతల, మన బంధువులున్న జయపురం వైపు చూడండి. కోరాపుట్ జిల్లా వరి పుట్టిన చోట్లలో ఒకటని శాస్త్రవేత్తలు చెబుతారు. 1950లలో కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఆ ప్రాంతమంతా తిరిగి 1,700కు పైగా నాటు వరి రకాలు సేకరించారు. ఒక్క ప్రాంతంలోనే! నలభై ఏళ్ల తర్వాత, 1990లలో స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు మళ్లీ వెతికితే నాలుగు వందలు కూడా దొరకలేదు. మిగతావి ఎక్కడికి పోయాయి? కొన్ని శీతల గదుల్లో ప్యాకెట్లలో ఉన్నాయి. పొలంలో మాత్రం లేవు. ప్యాకెట్లో ఉన్న విత్తనం చావదు, నిజమే. కానీ వానలు మారుతుంటే దానికి ఆ సంగతి తెలియదు. పొలంలో ఉన్న విత్తనానికి ఏటా తెలుస్తుంది.

అలాంటి చోటే పాత్రపుట్ ఊరి కమలా పూజారి గారు ఇల్లిల్లూ తిరిగి నాటు విత్తనాలు పోగుచేశారు. చదువుకున్న మనిషి కాదు. 2002లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో కోరాపుట్ ఆదివాసీలకు ఈక్వేటర్ ఇనిషియేటివ్ అవార్డు వచ్చినప్పుడు అందుకోవడానికి వెళ్లారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆవిడ ఫొటో చూసినప్పుడల్లా మా నాయనమ్మే గుర్తొస్తుంది. మన ఊళ్లన్నిటిలో అలాంటి ముసలమ్మలున్నారు. ఆనప బుర్రలో చిక్కుడు గింజలు పోసి బూడిద కలిపి మూతి బిగించే చేతులవి. వాళ్ల దగ్గర ఎవరైనా కూర్చుని అడిగారా అన్నదే తేడా.

మా నాయనమ్మ పేరు ఎత్తాను కాబట్టి ఒక నిజం చెప్పాలి. ఈమధ్య చిరుధాన్యాలు గొప్పవని అందరూ అంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో సామ బియ్యం కిలో ఎంతకు అమ్ముతున్నారో మీకు తెలుసు. మరి మన ఇళ్లలో సామలు ఎందుకు తగ్గిపోయాయి? రేషన్ బియ్యం చవగ్గా వచ్చిందంటాం. అది సగమే నిజం. సామలు దంచడం అంటే ఏమిటో దంచినవాళ్లకే తెలుసు. గింజ చిన్నది, పైన పొట్టు గట్టిది. రోట్లో పోసి దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచి, మళ్లీ చెరిగి, ఒక పూట అన్నానికి ఒక ఉదయం పోతుంది. మా నాయనమ్మ అరచేతుల్లో రోకలి కాయలు నేను పట్టుకుని చూశాను. మా అమ్మ సామలు మానేసినప్పుడు సంస్కృతి పోయిందని ఎవరూ ఏడవలేదు. ఆవిడకు ఒక ఉదయం మిగిలింది.

ఈ సంగతిని పట్టుకున్న పరిశోధన ఒకటుంది. తమిళనాడులో నామక్కల్ దగ్గర కొల్లి కొండలున్నాయి. అక్కడుండే మలయాళీ అనే ఆదివాసులు మనలాగే సామలు, చోళ్లు, కొర్రలు వేసేవాళ్లు. కింద సేలం వైపు సగ్గుబియ్యం మిల్లులు కర్రపెండలం కొంటాయి కాబట్టి కొండంతా కర్రపెండలం అయిపోయింది. చేతికి డబ్బు వచ్చింది, ఇంట్లో చిరుధాన్యం పోయింది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు అక్కడ పని మొదలుపెట్టి, కొత్త విత్తనం ఇస్తే చాలదని గ్రహించారు. ఆడవాళ్లు చెప్పింది ఒక్కటే: దంచలేక మానేశాం. అప్పుడు పొట్టు తీసే చిన్న మరలు పెట్టి, వాటిని మహిళా సంఘాల చేతికిచ్చారు. విత్తన శుద్ధి, వరుసల్లో విత్తడం, పిండి, మాల్టు, అమ్మకం అన్నీ ఆ తర్వాత వచ్చాయి. పంట తిరిగి రావాలంటే మొదలు పొలంలో కాదు, రోటి దగ్గర ఉంది. వ్యవసాయ పరిశోధన అంటే తెల్ల కోటు, సూక్ష్మదర్శిని అనుకుంటాం. ఒక ఆడమనిషి చేతి కాయలు తగ్గించే మర కూడా వ్యవసాయ పరిశోధనే. నన్నడిగితే అదే గొప్పది.

అయితే పాతదంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. మన నాటు చోళ్లకు అగ్గితెగులు వస్తే ఏమవుతుందో చూసినవాళ్లు ఇక్కడున్నారు. కంకి కింద మెడ దగ్గర నల్లగా మాడి, కంకి వేలాడి, గింజ తాలు పోతుంది. ఒక పొగమంచు వారం చాలు. దాన్ని తట్టుకునే రకాల కోసం విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో ఏళ్లుగా పని జరుగుతోంది. వాళ్లు ఇచ్చిన రాగి రకాల పేర్లు వినండి: చంపావతి, వేగావతి, గోస్తని. అన్నీ మన వైపు నదులు. గోస్తని మన అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. విత్తనానికి మన ఏటి పేరు పెట్టినవాళ్లను పరాయివాళ్లని ఎలా అంటాం? అలాగే చోళ్లు వెదజల్లడం మాని, లేత నారు తీసి దూరం దూరంగా నాటితే పిలకలు ఎక్కువ వస్తాయని, విత్తనం తక్కువ పడుతుందని మన ఊళ్లలో చేసి చూసినవాళ్లకు తెలుసు.

ఇంకో ముచ్చట. చోడి అసలు మన దేశపు పంట కాదు. తూర్పు ఆఫ్రికా ఎత్తు కొండల్లో, ఇథియోపియా, ఉగాండా వైపు మనలాంటి కొండవాళ్లే మొదట సాగుచేశారు. వేల ఏళ్ల కింద ఇక్కడికి వచ్చింది. కర్ణాటకలో లక్ష్మణయ్య గారనే శాస్త్రవేత్త, జనం ఆయన్ను రాగి లక్ష్మణయ్య అనేవారు, ఆఫ్రికా రాగిని మన రాగితో కలిపి కొత్త రకాలు తీశారు. వాటికి ఇండాఫ్ అని పేరు పెట్టారు. ఇండియాలో సగం, ఆఫ్రికాలో సగం! దిగుబడి బాగా పెరిగింది. వేల ఏళ్ల కింద విడిపోయిన అన్నదమ్ములను ఆయన మళ్లీ కలిపారన్నమాట. కాబట్టి బయటి నుంచి వచ్చింది అనగానే ముఖం చిట్లించుకోకండి. మన చోడి కూడా ఒకప్పుడు బయటి నుంచి వచ్చిందే.

మరి గొడవ ఎక్కడుంది? మా ఊళ్లో జరిగిన రెండు సంగతులు చెబుతాను. ఏ ఆఫీసు, ఎవరు అన్నది వదిలేద్దాం. ఒక ఏడాది మాకు చోడి విత్తనం సంచులు ఉచితంగా వచ్చాయి. మంచి విత్తనమే. కానీ శ్రావణ మాసం సగం గడిచాక వచ్చాయి. అప్పటికే ఆకుమడి పోసి, నారు తీసి, నాట్లు కూడా వేసేశాం. ఆ సంచులు గుమ్మం పక్కన ఆర్నెల్లు పడి ఉన్నాయి. కొన్ని ఇళ్లలో కోళ్లకు వేశారు. రిజిస్టర్‌లో మాత్రం మా ఊరంతా మేలైన విత్తనం వేసినట్టే సంతకాలున్నాయి. అందులో నా సంతకం కూడా ఉంది. నేనెందుకు పెట్టానంటే, ఇచ్చినవాణ్ని అడగడం మర్యాద కాదనిపించింది.

ఇంకో ఏడాది ఒక పొట్టి రకం వేసి చూశాం. గింజ నిజంగా ఎక్కువే వచ్చింది. కొలిచి రాసుకున్నవాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక మా నాయనమ్మ కళ్లంలో నిలబడి, 'గింజ సరే, గడ్డి ఏదిరా?' అంది. మా ఎడ్లకు వేసవి మేత ఆ చోడిగడ్డే. గడ్డి మూరెడు తగ్గితే ఎడ్లు బక్కచిక్కుతాయి, వచ్చే ఏడు దుక్కి ఆలస్యమవుతుంది. ఇంకోటి కూడా అంది. ఆ కంకి పిడికిలి బిగించినట్టు ముద్దగా ఉంది, కోతల్లో వాన పడితే లోపల నీళ్లు నిలిచి బూజు పడుతుంది, మనకు వేళ్లు విప్పినట్టుండే కంకే మేలని. అంబలి రుచి సంగతి సరేసరి. కొలతబద్ద పట్టుకున్నవాళ్ల కాగితంలో గడ్డికి ఒక గడి, కంకి విప్పుకు ఒక గడి, రుచికి ఒక గడి లేవు. అడిగి ఉంటే చెప్పేది. ముసలావిడ కదా అని ఎవరూ అడగలేదు.

ప్రపంచంలో చాలా చోట్ల ఇప్పుడు ఇది మారుతోంది. నాలుగైదు రకాలను రైతు పొలంలోనే పక్కపక్కన వేసి, ఊరివాళ్లను, అందులోనూ ఆడవాళ్లను పిలిచి, నచ్చినదాని ముందు గులకరాయో గింజో పెట్టమంటారు. దిగుబడి లెక్కతో పాటు ఈ గులకరాళ్ల లెక్క కూడా రాసుకుంటారు. రైతుల భాగస్వామ్యంతో రకాల ఎంపిక అంటారు దాన్ని. పక్కనే ఒడిశాలో 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ ఈ దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ఆదివాసులు కాపాడుకుంటూ వచ్చిన నాటు రాగి రకాలను పొలాల్లో పోల్చి చూసి, నాలుగింటిని ప్రభుత్వమే అధికారికంగా విడుదల చేసింది. కుంద్రా బాటి, లక్ష్మీపుర్ కాలియా, మాల్యబంత మామి, గుప్తేశ్వర్ భారతి. ఊళ్ల పేర్లు, కొండల పేర్లు ఉన్నాయి చూశారా? కుంద్రా వైపు రైమతి ఘివురియా అనే ఆదివాసీ మహిళ డెబ్బైకి పైగా వరి రకాలు, ముప్పై దాకా చిరుధాన్య రకాలు దాచి ఉంచారు. 2023లో ఢిల్లీలో జీ20 సదస్సుకు ఆమెను పిలిచారు. మనకు సరిహద్దు గీత ఒక్కటే అడ్డు. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగకూడదు?

ఇంకా దూరం వెళ్దాం. దక్షిణ అమెరికాలో పెరూ దేశం ఉంది. అక్కడి ఆండీస్ కొండల్లో క్వెచువా ఆదివాసులుంటారు. బంగాళాదుంప వాళ్ల పంట, ప్రపంచానికి వాళ్లిచ్చింది. ఆ దేశ రాజధాని లిమాలో 1971 నుంచి అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం ఉంది. శాస్త్రవేత్తలు కొండలెక్కి వందల రకాల దుంపలు సేకరించి దాచారు. ఈలోగా ఊళ్లలో చాలా రకాలు పోయాయి. కుస్కో దగ్గర ఆరు క్వెచువా ఊళ్లవాళ్లు తమ భూములు కలిపి దుంపల ఉద్యానం అని పేరు పెట్టుకుని, ఆ కేంద్రంతో కూర్చున్నారు. 2004లో ఒప్పందం రాసుకున్నారు. మా పొలాల నుంచి తీసుకెళ్లిన విత్తనం మాకు తిరిగి ఇవ్వండి, దాని మీద మా హక్కు ఒప్పుకోండి అన్నారు. ఆ కేంద్రం నాలుగు వందలకు పైగా రకాలను తెగుళ్లు లేకుండా శుభ్రం చేసి తిరిగి ఇచ్చింది. ఇది దయగా ఇచ్చింది కాదు. రెండు పక్షాలు సంతకం పెట్టిన కాగితం ప్రకారం ఇచ్చింది. ఆ కొండల్లో ఎండలు పెరిగి, దుంప ఏటా ఇంకాస్త పైకి, చల్లటి చోటికి జరుగుతోందని మొదట చెప్పింది అక్కడి రైతులే. ఇప్పుడు ఏ రకం ఏ ఎత్తులో నిలుస్తుందో వాళ్లూ శాస్త్రవేత్తలూ కలిసి వేసి చూస్తున్నారు.

ఈ కథ నేను మొదటిసారి చదివినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. మనవి కూడా అలాగే ఉన్నాయి కదా! హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల విత్తనాలు 1,20,000 రకాలకు పైగా చల్లటి గదుల్లో ఉన్నాయి. ప్రపంచమంతటి నుంచి వచ్చినవి. వాటిలో మన కొండల నుంచి వెళ్లినవి ఎన్ని, ఏ ఊరి పేరుతో నమోదై ఉన్నాయి? ఇది అడగదగిన ప్రశ్న. ఢిల్లీలో జాతీయ జన్యు బ్యాంకుంది, అక్కడా అడగవచ్చు. అడగడానికి భయపడాల్సిన పని లేదు. ఏ ఊరి విత్తనమో రాసి ఉంచుకోవడమే వాళ్ల పని.

ఇక మన చేతిలో ఉన్న చట్టం సంగతి. 2001లో మన పార్లమెంటు మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేసింది. విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ వేసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కని ఆ చట్టంలో రాసుంది. బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. మన సంతలో నాయనమ్మలు చేసేది చట్టం ఒప్పుకున్న పనే. ఇంకో పెద్ద సంగతి, కంపెనీలు తమ రకాలను నమోదు చేసుకున్నట్టే రైతు కూడా తన నాటు రకాన్ని తన పేరుతో, లేదా ఊరి పేరుతో నమోదు చేసుకోవచ్చు. రైతుకు ఫీజు లేదు. దరఖాస్తు మీద పంచాయతీ జీవవైవిధ్య కమిటీ వాళ్లో, వ్యవసాయ శాఖ అధికారో, గిరిజనాభివృద్ధి అధికారో ధృవీకరిస్తే చాలు. ఆ రకాన్ని వాడి ఎవరైనా కొత్త రకం తీసి వ్యాపారం చేస్తే, లాభంలో వాటా అడిగే దారి కూడా చట్టంలో ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మన పంచాయతీలో ఉందా? ఉంటే అందులో మన చోళ్ల పేర్లున్నాయా, లేక పక్క మండలం పుస్తకం చూసి రాసేశారా? మీలో ఒకరు రేపు వెళ్లి తెరిచి చూడండి. డిగ్రీ చదివినవాళ్లం కదా, ఆ పుస్తకం చదవడం మనకు రాదా?

ధర సంగతి చెప్పకపోతే ఇదంతా గాలిమాటే అవుతుంది. రాగికి కేంద్రం మద్దతు ధర ఇస్తుంది. 2024-25లో క్వింటాకు 4,290 రూపాయలు. సామలకు, కొర్రలకు అలాంటి కేంద్ర మద్దతు ధర లేదు. రాగికి కూడా ధర కాగితం మీదుంటే చాలదు, కొనే కేంద్రం మన సంత దగ్గరుండాలి. ఒడిశాలో మిషన్ నిలబడడానికి పెద్ద కారణం విత్తనం కన్నా ఆ కొనుగోలే. పరిశోధన, మర, ధర ఈ మూడూ ఒకేసారి రాకపోతే మళ్లీ గుమ్మం పక్కన సంచులే.

తమ్ముళ్లూ, మీలో బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారని పెద్దలు చెప్పారు. మీరు రేపు అధికారులవుతారు, శాస్త్రవేత్తలవుతారు. కొలతబద్ద మీ చేతికి వస్తుంది. కాగితంలో గడ్డికి ఒక గడి గీయగలిగేది మీరే. చదువు ఆపేసి పొలం చేస్తున్నవాళ్లూ ఇక్కడున్నారు. వాళ్లు తక్కువ అనుకోకండి. ఏ చెక్కలో ఏ రకం ఏ ఏడు ఎలా వచ్చిందో బుర్రలో ఉంచుకున్నవాళ్లు వాళ్లే. చెల్లెళ్లకు ఒక మాట. మన ఇళ్లలో విత్తనం దాచేది ఆడవాళ్లు. మీటింగుకు వెళ్లి సంతకం పెట్టేది మగవాళ్లు. పరిశోధన వాళ్లు ఊరికి వస్తే కుర్చీలో కూర్చునేది ఎవరో మీకు తెలుసు. ఈసారి కుర్చీ లాక్కోండి. మీ అన్నలు ఏమైనా అంటే నా పేరు చెప్పండి.

ఈసారి ఎవరైనా సంచి పట్టుకుని ఊళ్లోకి వస్తే మర్యాదగా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. తర్వాత అడగండి. ఇది ఎన్ని రోజుల పంట? అదనులో ఇస్తారా? గడ్డి ఎంత వస్తుంది? వచ్చే ఏడు మా విత్తనం మేమే కట్టుకోవచ్చా, మళ్లీ కొనాలా? మా ఊళ్లో వేసి చూసిన లెక్క మాకు తెచ్చి చూపిస్తారా? మా దగ్గర నుంచి ఏదైనా గింజ తీసుకెళితే మా ఊరి పేరు రాస్తారా? మంచివాళ్లైతే సంతోషంగా జవాబు చెబుతారు. నేను చూసిన శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మంచివాళ్లే. అడిగేవాళ్లు లేక వాళ్లూ తమ కాగితాల్లోనే తిరుగుతున్నారు.

ఎక్కువ సేపు మాట్లాడాను. భోజనాల వాసన వస్తోంది, నా కడుపూ గొడవ చేస్తోంది. చివరిగా ఒక పని. ఆ వెనక, మామిడి చెట్టు కింద ఒక బల్ల వేశాం. దాని మీద గీతలు గీసిన పెద్ద నోటు పుస్తకం ఉంది. విత్తనం పేరు మన భాషలో, తెలుగులో, ఊరు, ఎవరింట్లో ఉంది, ఎన్ని నెలల పంట, గరువుదా పల్లందా, రుచి, గడ్డి, ఎవరి దగ్గర నుంచి వచ్చింది. ఇవే గడులు. సామ కొత్త పండగకు ఇంకా టైముంది. ఆ పండగకు ఊళ్లో కొత్తలు పెట్టేముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, మీకు తెలిసినవి ఇప్పుడే రాయండి, తెలియనివి వచ్చేసారికి తెండి. ఒక్కో రకం గుప్పెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి తెస్తే ఇంకా మంచిది. మొదటి పేజీలో మా నాయనమ్మ విడి కంకి చోడి రాశాను. రెండో వరుస ఖాళీగా ఉంది. అన్నం తిన్నాక నేను ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను.